కట్ట మీద కాపలా ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – మానసిక వైద్య నిపుణుల జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే దారిలో నడిచాయి. కష్టం నలుగురికీ వచ్చింది, నిద్ర మాత్రం ఒక్కరికే పోయింది. ఆ ఆరింటికీ ఇక్కడ జవాబులిస్తున్నాం. ఉత్తరాలను కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడిన వాళ్ళలో నేనూ ఉన్నా. ఆ తొక్కిసలాటలో నాకు దెబ్బలేం తగల్లేదు. మొదట గుడికి పోవడం మానేశా. తర్వాత సినిమా హాలు. ఇప్పుడు ఆర్టీసీ బస్టాండులో కూడా నిలబడలేకపోతున్నా. గుండె దడ, ఊపిరి ఆడదు, అరచేతుల్లో చెమట. మెడికల్ షాపులో అడిగి రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నా. ‘మగోడివై ఉండి ఇదేంది’ అంటున్నారు ఇంట్లో. ఇది తగ్గుతుందా?
– ఆటో డ్రైవర్, తిరుపతి

జవాబు: తగ్గుతుంది. తగ్గకుండా అడ్డుపడుతున్నవి రెండు: పక్కకు తప్పుకోవడం ఒకటి, ఆ మాత్ర రెండోది.

ఆ రోజు తోపులాటలో ఆరుగురు పోయారు. మీ మెదడు ఆ క్షణాన్ని కథలా కాకుండా ముక్కలు ముక్కలుగా దాచిపెట్టుకుంది: వీపుకు గుచ్చుకున్న ఎవరిదో మోచెయ్యి, చెమట వాసన, ఒక అరుపు. ఇప్పుడు బస్టాండులో పక్కవాడి మోచెయ్యి తగిలితే చాలు, మీరు ఆలోచించేలోపే ఒళ్ళు పరుగుకు సిద్ధమైపోతుంది. మీరు బయటికి వచ్చేస్తారు, దడ తగ్గుతుంది. ‘వచ్చేశా కాబట్టే బతికా’ అని మెదడు ఖాతాలో రాసుకుంటుంది. గుడి దగ్గర మొదలైన భయం బస్టాండు దాకా పాకింది ఈ లెక్కతోనే. దీనికీ మగతనానికీ సంబంధం లేదని ఇంట్లో చదివి వినిపించండి.

ముందు ఒక ఈసీజీ, ఒక థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. దడకు వేరే కారణం లేదని తేలాక ఈ పని మొదలుపెట్టాలి.

భయాన్ని రూపాయిలో పైసలుగా లెక్కగట్టండి. భయమే లేకపోతే సున్నా, ఆ రోజు పడ్డది నూరు పైసలు. ఒక కాగితం మీద కింది నుంచి పైకి మెట్లు రాసుకోండి. ఉదాహరణకు, ఉదయం ఆరింటికి గోవిందరాజస్వామి గుడి ముందు నిలబడితే 20 పైసలు. సందడి తగ్గిన వేళ కూరగాయల మార్కెట్టు 30. సాయంత్రం గాంధీ రోడ్డు 45. శుక్రవారం సాయంత్రం బస్టాండు 60. తిరుచానూరు అమ్మవారి గుడి క్యూ 75. బైరాగిపట్టెడలో ఆ రోజు జనాన్ని ఉంచిన పార్కు గేటు ముందు పావుగంట నిలబడితే 90. అంకెలు మీకు ఎలా అనిపిస్తే అలా మార్చుకోండి, మా లెక్క మీకు సరిపోనక్కర్లేదు.

30 దగ్గర మొదలుపెట్టండి. అక్కడికి వెళ్ళి నిలబడండి. మొదటి పది నిమిషాల్లో భయం 50కో 60కో ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. మొదలైనప్పుడు ఉన్నదాంట్లో సగానికి పడేదాకా కదలకూడదు. సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. వారానికి నాలుగైదు రోజులు అదే మెట్టు మీద నిలబడండి. వరసగా రెండుసార్లు 15 పైసలు దాటకపోతే పై మెట్టు ఎక్కండి.

ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా తెలియాలి. ఎక్కువమంది భయం శిఖరాన ఉన్నప్పుడే ఇంటికి వచ్చేస్తారు. అలా వస్తే ఆ రోజు చేసిన సాధన భయాన్ని ఇంకాస్త పెంచవచ్చు. రెండో పొరపాటు ఊతకర్రలు: భార్య చెయ్యి పట్టుకోవడం, చెవిలో పాటలు, చూపంతా బయటికి పోయే దారి మీదే. మొదటి వారం పక్కన మనిషి ఉండొచ్చు, రెండో వారం పది అడుగుల దూరంలో, మూడో వారం ఇంట్లో. మూడోది, వారానికి ఒక్కసారి పోవడం. మధ్యలో ఆరు రోజులు గడిస్తే మెదడు మళ్ళీ పాత లెక్కకే పోతుంది.

ఊపిరి సాధన చేయండి, కానీ ఇంట్లో: నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. పొద్దున అయిదు నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు. గుంపులో నిలబడి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెడితే అదీ ఊతకర్రే అవుతుంది.

ఇక మాత్ర. అది ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ లాంటి మత్తు మాత్ర అయితే, భయం పుట్టి దానంతటది తగ్గడాన్ని మెదడు నేర్చుకోనివ్వదు. ప్రమాదం జరిగిన మొదటి నెలలో ఇలాంటి మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అలాగని రేపే ఆపేయొద్దు. నెలల తరబడి వేసుకుని ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చేత వారాల మీద తగ్గించుకుంటూ రండి. మాత్ర వేసుకుని ఆటో నడపడం ఇంకో ప్రమాదం.

మీ భయంలో ఒక పాలు నిజం కూడా ఉంది, దాన్ని పారేయమనడం లేదు. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే జనం నీళ్ళలా ఊగుతారు. అక్కడ మనుషులు ఎక్కువగా చనిపోయేది తొక్కిడికి కాదు, నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక. చేతులు పైకెత్తి ముఖం తుడుచుకోగలిగినంత చోటుంటే అది మామూలు రద్దీ, అక్కడ మీ సాధన చేసుకోవచ్చు. చేతులు కదపలేకపోతే అది నిజమైన ప్రమాదం: రెండు మోచేతులూ ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఎదురు తోయొద్దు, ఊపు ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి, చెప్పు పడితే వంగొద్దు. ఈ తేడా ఒళ్ళు నేర్చుకుంటే బస్టాండు బస్టాండులాగే కనిపిస్తుంది.

ఆ దృశ్యం ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ళముందుకు వస్తున్నా, పీడకలలు వారానికి మూడు నాలుగు దాటినా, మందు తాగితేగానీ నిద్ర పట్టకపోయినా ఒంటరిగా ఈ మెట్లు ఎక్కొద్దు. ఇలాంటి గాయాల మీద పనిచేసే సీబీటీ (ఆలోచననూ అలవాటునూ మార్చేది), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునేది) చికిత్సలు ఉన్నాయి, మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు సిటింగులు. దారి తెలియకపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: నేను ఆ తొక్కిసలాటకు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నా. ఫోన్లో వీడియోలు చూశానంతే. వారం రోజులు అన్నం సహించలేదు. అక్కడ లేని నాకెందుకిలా?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: చూసినందుకే. 2013లో అమెరికాలోని బోస్టన్‌లో మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలాక పరిశోధకులు వేల మందిని పరిశీలించారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్ళు, పేలుడు దగ్గర స్వయంగా ఉన్నవాళ్ళకంటే ఎక్కువ ఒత్తిడి లక్షణాలు చెప్పారు. అక్కడున్నవాళ్ళకు అది ఒకసారి జరిగింది, ఫోన్ పట్టుకున్నవాళ్ళకు నూరుసార్లు జరిగింది.

వార్త చదవండి, వీడియో చూడొద్దు. రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, చివరిది రాత్రి ఎనిమిది లోపు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగే ఏర్పాటును సెట్టింగుల్లో ఆపేయండి. మనం తెరవకపోయినా గ్యాలరీలో కనిపించే ఆ చిన్న బొమ్మ చాలు, పాత భయం లేవడానికి. ‘అయ్యో చూడండి’ అని పంపే పెదనాన్నలు, అత్తయ్యలు ప్రతి కుటుంబ గ్రూపులోనూ ఉంటారు. ఆ గ్రూపును నెల రోజులు మ్యూట్ చేస్తే బంధుత్వం తెగిపోదు.

ప్రశ్న: మాది రాయలచెరువు కింద ఊరు. 2021 నవంబరులో కట్ట కారుతోందని రాత్రికి రాత్రి ఊళ్ళు ఖాళీ చేయించినప్పటి నుంచి మా అత్త మారిపోయింది. అల్పపీడనం అని టీవీలో వినిపిస్తే చాలు, మూట కట్టి గడప దగ్గర పెడుతుంది. రాత్రంతా టార్చి వేసి వాకిలి, వంక చూసి వస్తుంది. ‘కట్ట తెగదు కదమ్మా’ అని ఇరవైసార్లు అడుగుతుంది. తెగదులే అంటే అయిదు నిమిషాలు ఊరుకుంటుంది. డాక్టరు నరాల బలహీనత అని టానిక్ రాశాడు.
– రామచంద్రాపురం మండలం నుంచి ఒక కోడలు

జవాబు: టానిక్ పక్కన పెట్టండి. మీ అత్తగారి నరాలకేమీ కాలేదు.

రెండు సంగతులు కలిసిపోయాయి. మొదటిది తిథి లాంటిది. దెబ్బ తగిలిన నెల తిరిగొస్తే ఒంటికి ముందుగా తెలుస్తుంది: ఆ చలి, ఆ మబ్బు, ఇంటి చూరు కారే చప్పుడు. దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను చూసినవాళ్ళు చాలాకాలం వరకూ నవంబరు గాలికి ఉలిక్కిపడేవారు. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి ఆవిడకు ఏడాదిలో మూడు నెలలు ఈ తిథే.

రెండోది మాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. వెనకటికి చెరువు కింద ఊళ్ళో నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మరవ చూడటం, వాన రాత్రి కట్ట మీద తిరగడం అతని పని. అతను మేలుకుంటే ఊరు నిద్రపోయేది. ఇప్పుడా కాపలా ఊరిది కాదు, ఎవరిదో తెలియదు. తెలియని కాపలాను మీ అత్తగారు తన తల మీద వేసుకున్నారు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1972లో బఫెలో క్రీక్ అనే లోయలో బొగ్గుగని కట్ట తెగి 125 మంది పోయారు. బతికినవాళ్ళను దొరికిన చోటల్లా తాత్కాలిక ఇళ్ళలో పెట్టారు, పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది. అక్కడ పరిశీలించిన సమాజశాస్త్రవేత్త కై ఎరిక్సన్ చెప్పిందేమిటంటే, నీళ్ళు చేసిన గాయం ఒకటి, పక్కింటివాళ్ళు లేకుండాపోవడం చేసిన గాయం ఇంకొకటి, రెండోది కూడా అంత లోతైనదే. మీ అత్తగారికి పక్కిల్లు ఇంకా ఉంది. మందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

కాపలాను పంచండి. వాన రాత్రుల్లో నాలుగైదు ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకోండి: పది నుంచి రెండు, రెండు నుంచి ఆరు. చూడాల్సినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆవిడకూ ఒక వంతు ఇవ్వండి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ‘నీకెందుకు, పడుకో’ అంటే మాత్రం చెడిపోతుంది, వంతు లేని మనిషి రాత్రంతా వంతు కాస్తుంది.

ఎప్పుడు కదలాలో ముందే తేల్చిపెట్టండి. వాతావరణ శాఖ జిల్లాకు పసుపు హెచ్చరిక ఇస్తే వార్తలు గమనిస్తూ ఉంటే చాలు. నారింజ రంగు ఇస్తే మూట అటక మీంచి దించాలి. ఎరుపు ఇచ్చినా, మండల అధికారులు దండోరా వేయించినా, మాట్లాడకుండా బయల్దేరాలి. ఎక్కడికి, ఎవరి బండిలో అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి. ఒక పొడి ఆదివారం అందరూ కలిసి ఆ దారిలో ఒకసారి నడిచి రండి.

మూట అక్టోబరు మొదటి వారంలో ఒక్కసారే కట్టాలి: ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో, వారానికి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, టార్చి, రెండు లీటర్ల నీళ్ళు, చిల్లరగా రెండు వేల రూపాయలు. మూతి కుట్టేసి అటక మీద పెట్టండి. గడప దగ్గరున్న మూట ప్రతి అడుగుకూ గుర్తు చేస్తుంది, అటక మీదున్నది చెయ్యదు. విప్పి మళ్ళీ కట్టడం మొదలైతే ఆ కట్టడమే జబ్బవుతుంది.

ఇక ‘తెగదు కదమ్మా’. మీరు తెగదని చెప్పకూడదు, ఎందుకంటే మీకు తెలియదు, ఆవిడకూ ఆ సంగతి తెలుసు. మొదటిసారి అడిగినప్పుడు పూర్తిగా జవాబివ్వండి: ‘ఇప్పుడు పసుపే ఉంది, పక్కింటాయన వంతులో ఉన్నాడు, నారింజ అయితే నేనే లేపుతా.’ రెండోసారి నుంచి గోడ మీది కాగితం చూపించండి, అంతే. మొదటి మూడు నాలుగు రోజులు అడగడం ఇంకా పెరుగుతుంది. అక్కడ మెత్తబడి మళ్ళీ ఓదార్చడం మొదలుపెడితే పడ్డ శ్రమంతా పోతుంది.

రాత్రి నిద్ర పట్టకపోయినా పొద్దున లేచే వేళ మారకూడదు. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ వద్దు. ఇరవై నిమిషాలు కళ్ళు తెరుచుకునే ఉంటే లేచి కూర్చుని చింతపండు గింజలు తీయడం లాంటి పని చేయనివ్వండి, టీవీ మాత్రం పెట్టొద్దు. రెండు నెలలు ఇలా నడిపినా మార్పు లేకపోతే మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఆ విభాగం ఓపీ ఉంటుంది.

ప్రశ్న: మా ఊరి బడిలో పోయిన నెల ఇద్దరు పిల్లలు కుంటలో మునిగి చనిపోయారు. ప్రార్థన వేళ పిల్లలందరి చేతా మైకులో మాట్లాడించి ఏడిపించేస్తే బరువు దిగిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. సరైనదేనా?
– ఉపాధ్యాయురాలు, పుత్తూరు దగ్గర

జవాబు: వద్దు. జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సిటింగులో అంతా చెప్పించడం ఒకప్పుడు పెద్దల విషయంలో ప్రపంచమంతా చేశారు. తర్వాత వచ్చిన పరిశోధనలను జల్లెడ పడితే లాభం కనిపించలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ఏడవనివాడిలో ఏదో లోపముందన్నట్టు అవుతుంది. పక్క పిల్ల చూసిన దృశ్యం చూడని పిల్ల తలకెక్కుతుంది.

రెండు వాక్యాల్లో నిజం చెప్పండి: ఎవరు, ఎలా. ‘దేవుడు తీసుకుపోయాడు’ అంటే చిన్నపిల్లలు దేవుడికి భయపడతారు, ‘నిద్రపోయారు’ అంటే నిద్రకు. ఎప్పటిలాగే గంట కొట్టి తరగతి నడపండి. ఆ ఇద్దరి చోటు వెంటనే ఎవరికీ ఇవ్వొద్దు, వారం పోయాక పిల్లలనే అడిగి సర్దండి. మాట్లాడాలనుకునేవాళ్ళకు మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక టీచరు ఒక చెట్టు కింద దొరుకుతారని చెబితే చాలు. నాలుగు వారాలు గమనించండి. పక్క తడపడం మళ్ళీ మొదలవడం, అమ్మ కొంగు వదలకపోవడం, మునిగే ఆటే పదేపదే ఆడటం నెల దాటినా తగ్గకపోతే చూపించాలి. అందరికంటే ముందు ఆ రోజు కుంట దగ్గర ఉన్న పిల్లల్ని కనిపెట్టి ఉండండి. ‘నేను రమ్మన్నందుకే వచ్చాడు’ అనుకునేవాడు ఒకడుంటాడు, వాడు నోరు విప్పడు.

ప్రశ్న: 2021 మేలో మా నాయన కొవిడ్‌తో పోయినాడు. ముఖం కూడా చూపించలేదు, మూటగట్టి తీసుకుపోయినారు. ఇంట్లో అందరికీ పాజిటివే, పదకొండో రోజూ లేదు, ఏమీ లేదు. నాయన మాట ఎత్తితే మా తమ్ముడు లేచి వెళ్ళిపోతాడు. అమ్మ ఇప్పటికీ పొద్దుగూకే వేళకు వాకిట్లో కూర్చుని సందు చివరికి చూస్తుంది. ఇన్నేళ్ళకు కర్మ చేస్తే ఏమన్నా ఉపయోగముందా?
– చిత్తూరు

జవాబు: శాస్త్రం మీ పురోహితుణ్ణి అడగండి. మనసు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాం: చేయండి.

చావు ఇంట్లో మన పెద్దలు పెట్టిన ఆచారం మూడు పనులు చేస్తుంది. ముఖం చూపించి, పోయాడన్నది కంటికి ఒప్పిస్తుంది. పదిమందిని పరామర్శకు రప్పిస్తుంది. పదకొండు, పన్నెండు రోజులు అని గడువు పెట్టి, ఆ తర్వాత మామూలు బతుకులోకి రమ్మంటుంది. 2021లో ఆ మూడూ లేకుండా చాలా ఇళ్ళు మిగిలిపోయాయి. మీ అమ్మగారు సందు వైపు చూస్తున్నారంటే మతి తప్పి కాదు, పోయాడనడానికి ఆవిడ కంటికి ఇంతవరకూ సాక్ష్యం దొరకలేదు. పరామర్శ ఎంత పెద్దదో తిరుపతివాళ్ళకు వేరే చెప్పాలా! గంగజాతరలో పాలెగాణ్ణి చంపిన గంగమ్మే, తర్వాత మాతంగి వేషంలో వాళ్ళింటి ఆడవాళ్ళను ఓదార్చడానికి పోతుంది. శత్రువు ఇంటికి కూడా దక్కిన పరామర్శ మీ ఇంటికి దక్కలేదు.

ఆయన పోయిన తిథి గానీ, మహాలయ అమావాస్య గానీ ఎంచుకోండి. అప్పుడు రాలేకపోయినవాళ్ళను, పాడె మోయాల్సినవాళ్ళను, ఆయనతో టీ తాగినవాళ్ళను పిలవండి. పదిహేను, ఇరవై మంది చాలు. దానికి వారం ముందు ఇంట్లోవాళ్ళు కూర్చుని ఒక నోటుపుస్తకంలో వరస రాయండి: జ్వరం ఏ రోజు వచ్చింది, ఎవరి బండిలో తీసుకెళ్ళారు, చివరి ఫోన్ ఎప్పుడు, ఏం మాట్లాడాడు, దహనం ఎక్కడ, దగ్గర ఎవరున్నారు. తెలియనివి తెలిసినవాళ్ళను అడిగి నింపండి. అమ్మకు అది చదివి వినిపించండి. ముఖం చూడని కంటికి ఆ పుస్తకమే కొంత సాక్ష్యం. ఆ రోజున ఆయన తువ్వాలు, కళ్ళజోడు, సైకిలు తాళం ఏదో ఒకటి అమ్మ చేతిలో ఉండాలి.

చెడేది ఎక్కడంటే, ఇది ఫంక్షన్ అయిపోతే. ఫ్లెక్సీ, కేటరింగ్, వీడియోగ్రాఫర్ వద్దు. ‘అంతా తలరాత’ అని మొదటి నిమిషంలోనే మూత వేసే పెద్దమనిషి ఒకాయన వస్తాడు, ఆయనకు వడ్డన పని అప్పజెప్పండి.

మీ తమ్ముణ్ణి ఏడవమనొద్దు, ‘మాట్లాడరా’ అని కూడా అనొద్దు. పిలుపులకు తిరిగే పని అతనికి ఇవ్వండి. ఒకరోజు బండి మీద పోతున్నప్పుడు, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి: ‘ఆ రోజు బెడ్ కోసం నువ్వు ఎక్కడెక్కడ తిరిగినావురా?’ ఇలా లేచి వెళ్ళిపోయేవాళ్ళలో చాలామంది మోసేది దుఃఖం కాదు, ‘ఇంకొక ఆసుపత్రికి పోయి ఉంటే’ అన్న లెక్క. అది బయటికి వస్తే ‘నీ తప్పేం లేదు’ అని వెంటనే కొట్టిపారేయొద్దు, ఆ రోజు గంట గంటకూ ఏం జరిగిందో చెప్పనివ్వండి. చెబుతూ చెబుతూ అతనే చూస్తాడు, అప్పుడు చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది.

ఆరు నెలలు దాటినా రోజూ అదే తపన, తిండి తగ్గడం, బతుకు మీద ఆశ లేకపోవడం ఉంటే దాన్ని ‘దీర్ఘకాల దుఃఖం’ అనే జబ్బుగానే వైద్యం గుర్తిస్తుంది, దానికి వేరే చికిత్స ఉంది. ‘ఆయన దగ్గరికే పోతా’ అని అమ్మ అంటే నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందామ్మా?’ అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు చూపించండి.

ప్రశ్న: మా అమ్మకు యాభై ఐదేళ్ళు, కరువు చూడలేదు. అయినా ఇంట్లో మూడు డ్రమ్ముల బియ్యం ఉండాల్సిందే, పురుగు పట్టినా పారేయనివ్వదు. కరువు భయం జీన్స్‌లో వస్తుందని ఒక వీడియోలో చూశా. నిజమా?
– పలమనేరు

జవాబు: వీడియోలో సగం నిజం. 1944–45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు పడినప్పుడు గర్భంలో ఉన్న పిల్లలకు పెద్దయ్యాక షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరిగింది. జన్యువుల మీద ఉండే రసాయన గుర్తుల్లో కొంత తేడా కూడా కనిపించింది. అది ఒంటి సంగతి. బియ్యం డ్రమ్ము మీది భయం రక్తంలో రాదు, వంటింట్లో వస్తుంది. 1876–78 నాటి ధాత కరువును చూసినవాళ్ళు తమ పిల్లలకు కథలు చెప్పలేదేమో గానీ, గింజ కింద పడితే చెయ్యి విరిచినంత పని చేసి ఉంటారు. ఆ పిల్లలు వాళ్ళ పిల్లలతో అలాగే ఉన్నారు. కారణం రాలిపోయి అలవాటు ఒక్కటే మీ అమ్మగారి దాకా వచ్చింది.

వాదించొద్దు, చాటుగా పారేయొద్దు. ఒక్కసారి అలా దొరికిపోతే నాలుగో డ్రమ్ము వస్తుంది. జేజి నోట కరువు మాట ఎప్పుడైనా విన్నావా అని అడగండి, ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత డ్రమ్ముల మీద సుద్దముక్కతో నెల రాయండి, పాతది ముందు వండండి, ఖాళీ అయ్యాకే కొత్త బస్తా. డ్రమ్ముకు గుప్పెడు ఎండు వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది. ఆరు నెలలకు మూడో డ్రమ్ములో రాగులు పోయమని ఆవిడనే అడగండి. రాగులు ఏళ్ళ తరబడి నిలవుంటాయి, ఆవిడ బెంగకు అదే సరైన గింజ.